ఆ హల్కా ఎవరిది?

మస్జిద్ అల్లాహ్ ఇల్లు. అక్కడ ఎవరి జాగీరూ లేదు. ముందొచ్చినవాడు ముందు సఫ్‌లో నిలబడతాడు, నవాబైనా నౌకరైనా. అయితే నమాజ్ అయ్యాక ఒక మూల నలుగురు చేరి దీన్ మాటలు మాట్లాడుకుంటుంటే, ఆ గుఫ్తగూ మీద ఇఖ్తియార్ ఎవరిది? సవాల్ ఎవరు అడగొచ్చు? బహస్ ఎక్కడ ఆపాలి? మాటిమాటికీ అడ్డుపడేవాణ్ని ఏం చేయాలి? ఉస్తాద్ ఇంతెఖాల్ అయ్యాక ఆ చోట ఎవరు కూర్చోవాలి? చిల్లర విషయాల్లా కనిపిస్తాయి గానీ, మన తారీఖ్‌లో మొదటి నాలుగైదు వందల ఏళ్లు ఇల్మ్ పెరిగిందీ, తర్వాత చిక్కిందీ ఈ చిల్లర విషయాల మీదే. ఈసారి దీని గురించే రాస్తున్నాను.

హల్కా అంటే అరబీలో వలయం. మన మస్జిదుల్లో తాలీమ్ హల్కా అంటాం కదా, అదే మాట. బస్రా, కూఫా, ఫుస్తాత్ లాంటి శహర్లలో జామె మస్జిదులు పెద్దవి. లోపల వరసలు వరసలుగా సుతూన్లు. ఒక్కో సుతూన్‌కి వీపు ఆనించి ఒక ఉస్తాద్, ఆయన ముందు గుండ్రంగా షాగిర్దులు. ఒకే కప్పు కింద ఇక్కడ తఫ్సీర్, అక్కడ హదీస్, ఆ పక్కన ఫిఖ్హ్, ఇంకో మూల అరబీ వ్యాకరణం. మొదటి రోజుల్లో పేరు రాసుకునే దఫ్తర్ లేదు, ఉస్తాద్‌ని నియమించే సర్కార్ లేదు. వినేవాళ్లుంటే హల్కా, లేకుంటే ఒట్టి సుతూన్.

దీని అదబ్ రసూలుల్లాహ్ (స) మజ్లిస్ నుంచే వచ్చింది. సహీ బుఖారీలో ఒక వాఖియా ఉంది. ఆయన మస్జిద్‌లో కూర్చుని ఉండగా ముగ్గురు వచ్చారు. ఒకాయన హల్కాలో సందు కనిపిస్తే అక్కడ కూర్చున్నాడు. రెండో ఆయన మొహమాటపడి వెనక సర్దుకున్నాడు. మూడో ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు. తర్వాత హుజూర్ (స) ఆ ముగ్గురి గురించీ చెప్పారు. మొదటి ఇద్దరి గురించి మంచి మాట చెప్పారు, వెళ్లిపోయినవాడి విషయంలో అతను ముఖం తిప్పుకున్నాడు, అల్లాహ్ కూడా అంతే చేశాడన్నారు. వెళ్లిపోవడం మంచిదని అనలేదు. కానీ వెంటపడి లాక్కురమ్మనీ అనలేదు. కూర్చున్నవాణ్ని లేపి ఆ చోట మనం కూర్చోకూడదన్న హదీస్ కూడా తెలిసిందే. సూరా ముజాదలాలో మజ్లిసుల్లో ఒకరికొకరు చోటివ్వమన్న హుకుం ఉంది. చోటివ్వాలి, చోటు లాక్కోకూడదు. ఈ రెండింటి మధ్యే హల్కా నిలబడింది.

బస్రాకి వెళదాం. హిజ్రీ రెండో సదీ మొదలు. అక్కడి మస్జిద్‌లో హసన్ బస్రీ (రహ్మ) మజ్లిస్‌కి ఉన్న పేరు ఇంకెవరికీ లేదు. హిజ్రీ 110లో, అంటే ఈస్వీ 728లో ఆయన వఫాత్ అయ్యారు. ఆ మజ్లిస్‌లో వాసిల్ బిన్ అతా అనే షాగిర్ద్ ఉండేవాడు. అతనికి ‘ర’ పలికేది కాదు. అందుకని ‘ర’ లేని మాటలే ఏరుకుని, వినేవాళ్లకి లోపమే తెలియనంత సాఫీగా ఖుత్బా ఇచ్చేవాడట. ఒకరోజు ఎవరో వచ్చి కబీరా గునాహ్ చేసిన ముస్లిం సంగతేమిటని అడిగారు. ఖవారిజ్ అతను కాఫిర్ అంటున్నారు. ముర్జియా వాళ్లు ఈమాన్ ఉంటే చాలు, గునాహ్ ఏమీ చెరపదంటున్నారు. హసన్ బస్రీ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు, వాసిల్ అందుకుని అతను మోమిన్ కాదు, కాఫిర్ కాదు, రెంటికీ మధ్య ఉన్నాడని జవాబిచ్చేశాడు. ఇచ్చి, లేచి, మస్జిద్‌లోనే ఇంకో సుతూన్ దగ్గరికి వెళ్లి తన మాట వివరించడం మొదలుపెట్టాడు. వాసిల్ మనల్నుంచి విడిపోయాడని హసన్ బస్రీ అన్నారు. ‘విడిపోవడం’ అన్న ఆ అరబీ మాట నుంచే ముఅతజిలా అనే పేరు వచ్చిందని షహ్రస్తానీ రాశారు.

ఈ పేరుకి ఇంకో ఖిస్సా కూడా ఉంది. హసన్ బస్రీ షాగిర్ద్, కళ్లు లేని ఖతాదా (రహ్మ) ఒకరోజు మస్జిద్‌లోకి వచ్చి, గొంతులు విని హసన్ బస్రీ హల్కా అనుకుని అమ్ర్ బిన్ ఉబైద్ హల్కాలో కూర్చున్నారట. కాసేపటికి సంగతి అర్థమై, వీళ్లు విడిపోయినవాళ్లంటూ లేచి వెళ్లిపోయారట. రెండింటిలో ఏది నిజమన్న తగాదా ముఅర్రిఖులకి వదిలేద్దాం. ఆ మస్లాలో అహలె సున్నత్ ఉలమా వాసిల్‌తో ఏకీభవించరు, నేనూ అంతే. నన్ను ఆపింది వేరే సంగతి. షాగిర్ద్ ఉస్తాద్ మజ్లిస్‌లో ఉస్తాద్ కంటే ముందు జవాబిచ్చాడు. అది బేఅదబీయే. కానీ అక్కడే కూర్చుని గొంతు పెంచి, హసన్ బస్రీ హల్కాని తన హల్కాగా మార్చుకోలేదు. తన మాటకి తన సుతూన్ వెతుక్కున్నాడు. హసన్ బస్రీ కూడా అతన్ని మస్జిద్ నుంచి గెంటించలేదు. పది అడుగుల దూరంలో రెండు హల్కాలు నడిచాయి. ఎవరికి ఏది కావాలో వాళ్లు అటు కూర్చున్నారు.

కూఫాలో దీని రంగు ఇంకోలా ఉంది. ఇమాం అబూ హనీఫా (రహ్మ) పదేళ్లు హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ దగ్గర కూర్చున్నాక, తనకి సొంత హల్కా ఉండాలన్న కోరిక పుట్టింది. ఒక సాయంత్రం ఆ ఇరాదాతోనే మస్జిద్‌కి వెళ్లారు. ఉస్తాద్ మొహం చూడగానే మనసొప్పక మళ్లీ ఆయన దగ్గరే కూర్చున్నారు. ఆ రాత్రే హమ్మాద్‌కి బస్రాలో ఒక బంధువు పోయిన ఖబర్ వచ్చింది. విరాసత్ వ్యవహారం, వెళ్లక తప్పదు. తన చోట అబూ హనీఫాని కూర్చోబెట్టి వెళ్లారు. రెండు నెలల్లో ఉస్తాద్ నోట ఎప్పుడూ వినని మస్లాలు అరవై వచ్చాయి. జవాబులిచ్చి, రాసి పెట్టుకున్నారు. హమ్మాద్ తిరిగొచ్చి చూసి నలభై ఒప్పుకున్నారు, ఇరవైలో ఇఖ్తిలాఫ్ చేశారు. ఆ ఇరవై చూశాక, ఉస్తాద్ బతికున్నంత కాలం ఆ హల్కా వదలనని అబూ హనీఫా ఖసం వేసుకున్నారు. మొత్తం 18 ఏళ్లు ఉన్నారు. హిజ్రీ 120లో హమ్మాద్ వఫాత్ తర్వాతే ఆ చోట కూర్చున్నారు.

తర్వాత అదే పరీక్ష ఆయన షాగిర్ద్‌కీ వచ్చింది. అబూ యూసుఫ్ జబ్బు పడి కోలుకున్నప్పుడు, తన తర్వాత ముసల్మానులకి ఇతనే ఉంటాడని ఆశపడ్డానని ఉస్తాద్ అన్న మాట ఆయన చెవిన పడింది. దాంతో గర్వం వచ్చి విడిగా హల్కా పెట్టేశారు. అబూ హనీఫా కోప్పడలేదు, మనుషుల్ని పంపి ఆపించలేదు. ఒక్క మనిషి చేత ఒక్క సవాల్ పంపారు. ఒకతను ధోబీకి బట్ట ఉతకమని ఇచ్చాడు. తర్వాత వచ్చి అడిగితే ధోబీ నాకివ్వలేదు పొమ్మన్నాడు. కొన్నాళ్లకి మళ్లీ వెళితే ఉతికిన బట్ట తెచ్చిచ్చాడు. ఇప్పుడు కూలి ఇవ్వాలా, అక్కర్లేదా? అబూ యూసుఫ్ ఇవ్వాలంటే ఆ మనిషి తప్పు అన్నాడు. అక్కర్లేదంటే అదీ తప్పే అన్నాడు. అలా అనమని ముందే చెప్పి పంపారు మరి. అబూ యూసుఫ్ వెంటనే లేచి ఉస్తాద్ దగ్గరికి నడిచారు. అబూ హనీఫా చూసి, నిన్ను ధోబీ మస్లాయే తెచ్చిందన్నమాట అన్నారట. జవాబు ఇది: ఇవ్వలేదని బుకాయించడానికి ముందే ఉతికి ఉంటే యజమాని కోసం ఉతికాడు, కూలి వాజిబ్. బుకాయించాక ఉతికితే అప్పటికి అది గసబ్ చేసిన బట్ట, తన కోసం ఉతుక్కున్నాడు, కూలి లేదు. తర్వాత ఈ అబూ యూసుఫే హారూన్ రషీద్ జమానాలో ఖాజియుల్ ఖుజాత్ అయ్యారు.

ఈ ఖిస్సాలు ఇమాం మనాఖిబ్ కితాబుల్లో దొరుకుతాయి. అల్ మువఫ్ఫఖ్ అల్ మక్కీ రాసిన మనాఖిబ్ హిజ్రీ 1321లో అచ్చయింది మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్‌లోనే. అరబ్బుల ఇళ్లకి మన శహర్ నుంచి కితాబులు వెళ్లిన రోజులవి.

ఇమాం అబూ హనీఫా సొంత మజ్లిస్ మాత్రం చప్పుడు మజ్లిస్. మస్లా నడిమధ్య పడేసేవారు. షాగిర్దులు గొంతులు పెంచి బహస్ చేసేవారు. ఒక్కో మస్లా రోజుల తరబడి నడిచేది. రాయడం ఎప్పుడన్నది మాత్రం ఆయన చేతిలో ఉండేది. ఆఫియా బిన్ యజీద్ అనే షాగిర్ద్ ఆ రోజు రాకపోతే, ఆఫియా వచ్చేదాకా ఎత్తిపెట్టకండనేవారు. అతనొచ్చి ఒప్పుకుంటేనే కలం కదిలేది. తనతో వాదించేవాడి కోసం మజ్లిస్‌నే ఆపిన ఉస్తాద్ ఆయన.

అదే కాలంలో మదీనాలో ఇమాం మాలిక్ (రహ్మ) మజ్లిస్ పూర్తిగా తలకిందులు. వజూ చేసుకుని, మంచి బట్టలు కట్టి, అత్తర్ పూసుకుని హదీస్ చెప్పడానికి కూర్చునేవారు. అక్కడ గొంతు పెంచడం లేదు. 48 మస్లాలు అడిగితే 32కి తెలియదని జవాబిచ్చారన్న రివాయత్ ఆయనదే. జరగని విషయం మీద ఊహించి అడిగే సవాళ్లు ఆయనకి నచ్చేవి కావు. ఖైరవాన్ నుంచి వచ్చిన అసద్ బిన్ ఫురాత్‌కి సరిగ్గా ఆ అలవాటే ఉంది. ఇలా అయితే ఏమిటి, అలా అయితే ఏమిటి అంటూ ఒక సవాల్ తోకకి ఇంకో సవాల్ కట్టేవాడు. ఓపిక పట్టి పట్టి, నీకు ఇదే కావాలంటే ఇరాఖ్ వెళ్లమన్నారు ఇమాం. అసద్ నిజంగానే ఇరాఖ్ వెళ్లి, అబూ హనీఫా షాగిర్ద్ ఇమాం ముహమ్మద్ షైబానీ దగ్గర కూర్చున్నాడు. ఆ సవాళ్ల మూట కట్టుకుని మిస్ర్ వచ్చి, మాలిక్ షాగిర్ద్ ఇబ్నుల్ ఖాసిం ముందు విప్పి, మాలికీ పద్ధతిలో జవాబులు రాబట్టాడు. ఆ జవాబులనే తర్వాత సహ్‌నూన్ సరిదిద్ది ముదవ్వనా చేశారు. మాలికీ మజ్‌హబ్‌కి మువత్తా తర్వాత అంత పెద్ద కితాబ్ లేదు. మాలిక్ తన మజ్లిస్‌లోకి రానివ్వని సవాళ్లే మాలికీ ఫిఖ్హ్‌కి వెన్నెముక అయ్యాయి! ఇమాం చేసింది తప్పని నేననను. ఆయన మజ్లిస్ ఆయన తర్తీబ్. వద్దన్న మనిషికి దారి కూడా చూపించారు కదా.

మన ఊళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. రెండు రకాల జుల్మ్ చూస్తుంటాను. ఒకటి, ఎవరో ఒక పెద్దాయన ఓపిగ్గా దర్స్ చెబుతుంటే, వెనక నుంచి ఒకడు లేచి తను ఫోన్‌లో విన్న ముక్కతో మజ్లిస్ మొత్తం లాగేసుకోవడం. ఇది అందరికీ కనిపిస్తుంది, అందరూ తిడతారు. రెండోది ఎవరికీ కనిపించదు. ఇరవై ఏళ్ల పిల్లాడు ఒక సవాల్ అడిగితే, ఇలాంటివి అడగకూడదని కూర్చోబెడతారు. సరే, ఉస్తాద్ ఇష్టం. కానీ వాడు ఇంకో మూల నలుగురితో కూర్చుంటే కమిటీ అదీ ఒప్పుకోదు. లైట్లు ఆర్పేస్తారు. మాలిక్ పంపినట్టు పంపడానికి వాడికి ఇరాఖ్ ఎక్కడుంది? వాడు చివరికి ఎక్కడ జవాబు వెతుక్కుంటాడో ఇళ్లలో అమ్మీ అబ్బాలకి నాకంటే బాగా తెలుసు.

ఇక ఫుస్తాత్. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) కట్టించిన మస్జిద్‌లో ఇమాం షాఫియీ (రహ్మ) హల్కా. హిజ్రీ 204లో ఆఖరి జబ్బులో ఉండగా, ఆ చోట ఎవరు కూర్చోవాలన్న పేచీ వచ్చింది. ఇబ్ను అబ్దిల్ హకం మిస్ర్‌లో పెద్ద ఖాందాన్ మనిషి, ఇమాంకి ఆప్తుడు. తనకే వస్తుందనుకున్నాడు. ఇమాం మాత్రం నా మజ్లిస్ మీద బువైతీ కంటే ఎక్కువ హక్కు ఎవరికీ లేదని కబురు పంపారు. ఇబ్ను అబ్దిల్ హకం అలిగి, షాఫియీ తాఖ్‌కీ తనకీ మధ్య ఒక తాఖ్ వదిలి, మూడో దాని కింద కూర్చున్నాడు. తర్వాత తన తండ్రిగారి మాలికీ మజ్‌హబ్‌కే తిరిగి వెళ్లిపోయాడు. అలక ఎంత పెద్దదైనా కొలత ఒక కమాను.

ఈ ఏర్పాటుని పగలగొట్టింది అలకలు కాదు, హుకూమత్. హిజ్రీ 218లో, ఈస్వీ 833లో ఖలీఫా మామూన్ ఖురాన్ మఖ్‌లూఖ్ అని ఉలమా అందరి చేత ఒప్పించడానికి దిగాడు. తారీఖ్‌లో దాన్ని మిహ్నా అంటారు. ఆ అఖీదా ముఅతజిలాది. ఒకప్పుడు హాయిగా లేచి ఇంకో సుతూన్ దగ్గరికి నడిచి వెళ్లినవాళ్ల వారసులు, దర్బార్ చేతికి రాగానే మిగతా సుతూన్ల దగ్గర ఎవరూ వేరే మాట మాట్లాడకూడదన్నారు. ఖాజియుల్ ఖుజాత్ ఇబ్ను అబీ దువాద్ దీన్ని ముందుండి నడిపించాడు. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ఖలీఫా ముఅతసిం ముందు కొరడా దెబ్బలు తిన్నారు. వాసిఖ్ జమానాలో ఆయన దర్స్ మానుకుని ఇల్లు కదలకుండా ఉండాల్సి వచ్చింది.

షాఫియీ చోట కూర్చున్న బువైతీని బేడీలు వేసి మిస్ర్ నుంచి బగ్దాద్ తీసుకెళ్లారు. జుమా రోజు జైల్లో అజాన్ వినగానే గుసుల్ చేసి, బట్టలు మార్చుకుని జైలు గేటు దాకా నడిచేవారట. జైలర్ వెనక్కి పంపేవాడు. యా అల్లాహ్, నీ పిలుపుకి నేను వచ్చాను, వీళ్లే ఆపారని చెప్పుకుని తిరిగి వెళ్లేవారట. హిజ్రీ 231లో ఆ బేడీల్లోనే వఫాత్ అయ్యారు.

ముతవక్కిల్ వచ్చాక మిహ్నా ఆగిపోయింది, ఉలమా ఊపిరి పీల్చుకున్నారు. కానీ హుకూమత్‌కి ఒకసారి రుచి తెలిసింది. ఈసారి గురి ముఅతజిలా వైపు మళ్లింది. హిజ్రీ 279లో బగ్దాద్‌లో ఖిస్సాలు చెప్పేవాళ్లు, జ్యోతిషులు దారుల్లోనూ జామె మస్జిద్‌లోనూ కూర్చోకూడదన్నారు. ఇల్మె కలాం, ఫల్సఫా కితాబులు అమ్మమని కితాబుల వ్యాపారుల చేత ఖసం వేయించారు. గెలిచింది మనవాళ్లే కదా అని దీన్ని సరే అనుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం కర్ర చేతులు మారిందనిపిస్తుంది, అంతే.

తర్వాతి మార్పు కర్రతో రాలేదు, సంచితో వచ్చింది. సల్జూఖ్ వజీర్ నిజాముల్ ముల్క్ బగ్దాద్‌లో కట్టించిన నిజామియా మదర్సా హిజ్రీ 459లో, ఈస్వీ 1067లో తెరుచుకుంది. జీతాలు, వజీఫాలు, కితాబ్‌ఖానా అన్నీ ఉన్నాయి. కానీ ఎవరు కూర్చోవాలో వజీర్ ఇష్టం, ఏ మజ్‌హబ్ వాళ్లు కూర్చోవాలో వఖ్ఫ్ కాగితం ఇష్టం. మొదటి ముదర్రిస్‌గా అబూ ఇస్‌హాఖ్ షీరాజీ (రహ్మ) రావాలి. శహరంతా వచ్చి కూర్చుంది, ఆయన రాలేదు. దారిలో ఒక కుర్రాడు ఆపి, గసబ్ చేసిన చోట ఎలా దర్స్ చెబుతారని అడిగాడట. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఇరవై రోజులు ఇబ్నుస్ సబ్బాగ్ చెప్పాక, అందరూ బతిమాలి షీరాజీని ఒప్పించారు. ఒప్పుకున్నాక కూడా నమాజ్ వేళకి బయటికొచ్చి వేరే మస్జిద్‌లో చదువుకునేవారని రాశారు. వీధిలో అడ్డుపడ్డ ఒక కుర్రాడి సవాల్‌కి అంత విలువిచ్చిన ఉస్తాద్, వజీర్ జీతం మీద బతికిన మొదటి తరం మనిషి.

నిజామియా వల్ల మేలు జరగలేదనను. ఇమాం గజాలీ 1091లో అక్కడే ముదర్రిస్ అయ్యారు, నాలుగేళ్లకే అంతా వదిలేసి వెళ్లారు, అది వేరే కథ. కానీ కీలు ఎక్కడుందో ఒక నహూ ఉస్తాద్ ఖిస్సా చెబుతుంది. అల్ వజీహ్ ఇబ్నుద్ దహ్హాన్, కళ్లు లేని ఆలిం. మొదట హంబలీ, తర్వాత హనఫీ అయ్యాడు. నిజామియాలో వ్యాకరణం చెప్పే చోటు ఖాళీ అయింది. షాఫియీ అయితేనే ఇస్తామని వఖ్ఫ్ షరతు. షాఫియీ అయిపోయాడు. శహర్ షాయిర్ ఒకాయన దీని మీద హేళనగా షేర్లు కట్టాడు. నాకు నవ్వు రాదు. వ్యాకరణంలో మజ్‌హబ్ ఏముంటుంది? కానీ సుతూన్ కావాలంటే ఇప్పుడు తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది.

ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) ఆ కాలం మనిషే. హంబలీగా మొదలై షాఫియీ అయినందుకు పాతవాళ్ల నుంచి చాలా పడ్డారు. హజ్‌కి వెళ్లినప్పుడు మక్కాలో కరీమా మర్వజియా దగ్గర సహీ బుఖారీ కొద్ది రోజుల్లో చదివి ముగించారు. ఆమె గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. బుఖారీ నుస్ఖాకి ఆ జమానాలో ఆమె సనద్ అంటే పెద్ద సనద్. ఎవరు రాసుకున్నా తన అసలు ప్రతితో పోల్చి సరిచూస్తే గానీ ఇజాజత్ ఇచ్చేవారు కాదు. మర్దులు, పెద్ద పెద్ద ఉలమా ముందు కూర్చున్నా ఆ మజ్లిస్ ఆమెదే, ఆ ఖాయిదా ఆమెదే. ఆడవాళ్లు మస్జిద్‌లో దర్స్ వినడానికి మూల దొరకని మొహల్లాల్లో ఈ పేరు ఇంటింటా తెలియాలి.

ఖతీబ్ జమ్‌జమ్ తాగి మూడు దువాలు చేశారట: తారీఖె బగ్దాద్‌ని బగ్దాద్‌లోనే చదివి వినిపించాలి, జామె మన్సూర్‌లో హదీస్ ఇమ్లా చెప్పాలి, బిష్ర్ హాఫీ (రహ్మ) పక్కన దఫన్ కావాలి. రెండో దానికి ఖలీఫా ఇజాజత్ ఉండాలి. అప్పటికి జామె మన్సూర్‌లో హల్కా దర్బార్ చేతికి వెళ్లిపోయింది. ఖలీఫా అల్ ఖాయిం దగ్గర హదీస్ వినిపిస్తానంటూ వెళితే, ఇంత పెద్ద ఆలింకి నాతో ఇంకేదో అవసరం ఉంది, అడగండని ఖలీఫాయే అన్నాడు. అలా ఇజాజత్ దొరికింది.

మూడోది మిగిలింది. హిజ్రీ 463లో ఖతీబ్ వఫాత్ అయ్యేసరికి, బిష్ర్ హాఫీ పక్క చోటు ఖాళీగా లేదు. ఒక సూఫీ తన కోసం అక్కడ ఖబర్ తవ్వుకుని, వారానికోసారి వెళ్లి అందులో ఖురాన్ తిలావత్ చేసుకునేవారు. ఇమ్మని అడిగితే ఇవ్వనన్నారు. ఏళ్ల తరబడి తయారు చేసుకున్న చోటు ఎవరిస్తారు? హుకుం తెమ్మని ఎవరూ దర్బార్‌కి పరుగెత్తలేదు. ఒక పెద్దాయన వచ్చి ఆయన్ని ఒకటే అడిగారు. బిష్ర్ హాఫీ బతికుండి, నువ్వూ ఖతీబూ ఇద్దరూ ఆయన మజ్లిస్‌కి వెళితే, ఆయన పక్కన ఎవరు కూర్చుంటారు? ఖతీబే, నేను లేచి చోటిస్తాను అన్నారు సూఫీ సాహెబ్. ఆ ఖబర్‌లోనే ఖతీబ్‌ని దఫన్ చేశారు.